ఇంట్లో అందరికీ దురద.. ఆడబిడ్డకు ఎట్లా చెప్పాలి?

హనుమకొండ శివారులో ఉండే ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకు ఇద్దరు పిల్లలు. బిడ్డకు 12 ఏళ్ళు, హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. కొడుకుకు 4 ఏళ్ళు. భర్త ఆటో నడుపుతారు. షుగర్ ఉన్న అత్తమ్మ కూడా వాళ్ళతోనే ఉంటారు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డకు వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ పొక్కులు, తల నిండా పేలు. పగలు పర్వాలేదు కానీ రాత్రి పడుకుంటే గోకుడే గోకుడు. మెడికల్ షాపులో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. దురద ఉన్నచోట రాశారు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. సరిగ్గా అప్పుడే ఐదు నెలల గర్భంతో ఉన్న ఆడబిడ్డ బతుకమ్మ పండుగకని కరీంనగర్ నుంచి వచ్చి పది రోజులు ఉన్నారు. మేనకోడలంటే ఆమెకు ప్రాణం. రోజూ తల దువ్వి జడ వేశారు, రాత్రి తన పక్కలోనే పడుకోబెట్టుకున్నారు.

ఇప్పుడు కార్తీకం. ఈ సోదరికి, భర్తకు, చిన్నవాడికి అందరికీ దురద పట్టుకుంది. చిన్నవాడి చేతుల మీద పొక్కులు చీము పట్టాయి. "హాస్టల్ నుంచి రోగం మోసుకొచ్చింది" అని అత్తమ్మ మనవరాలికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టించారు. వసారాలో వేరే చాప వేయించారు. రక్తం చెడిందని గుడ్డు, వంకాయ మాన్పించారు. గుండు చేయించండి, లేదంటే తలకు గ్యాస్‌నూనె పట్టించండి అంటున్నారు. పక్కింటివాళ్ళయితే పత్తికి కొట్టే మందు నాలుగు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి రాయమన్నారట. బిడ్డ హాస్టల్‌కు పోనని ఏడుస్తోంది, మూడు వారాలుగా బడి పోయింది. ఈ సోదరికేమో ఇంట్లోని చద్దర్లన్నీ రోజూ ఉతికి ఉతికి చేతులు పగిలాయి.

మొన్న ఆడబిడ్డ ఫోన్ చేశారు. "ఒళ్ళంతా దురద వదినా, కడుపుతో ఉన్నప్పుడు కొందరికి ఇట్లనే అవుతదని డాక్టరమ్మ అన్నది" అని చెప్పారు. ఈమె విని ఊరుకున్నారు. "నా నోట మాట రాలేదు. చెప్తే మా బిడ్డ వల్లనే అంటారు, వాళ్ళ అత్తగారింట్లో మా పరువు పోతది. చెప్పకుంటే ఆమె కడుపుతో ఉన్న మనిషి. ఏం చేయాలె?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాత్రి పెరిగే దురద, వేళ్ళ సందులు, నడుము చుట్టూ పొక్కులు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి రావడం.. ఇవన్నీ గజ్జినే చూపిస్తున్నాయి. నేను చాలా ఏళ్ళు పల్లె దవాఖానల్లో నర్సుగా పనిచేశాను, ఇలాంటి ఇళ్ళు ఎన్నో చూశాను. అయినా ఉత్తరం చదివి రోగం తేల్చకూడదు, డాక్టరు కళ్ళతో చూసి చెప్పాలి. ముఖ్యంగా చిన్నవాడిని రేపే చూపించండి. గజ్జి పొక్కులు చీము పట్టాయంటే గోకిన పుండ్లలోకి వేరే సూక్ష్మక్రిములు చేరాయన్న మాట. దానికి వేరే మందు కావాలి. వదిలేస్తే కొందరు పిల్లల్లో అది కిడ్నీల దాకా పోతుంది. ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా, ఎర్రగా నల్లగా వచ్చినా, జ్వరం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. దగ్గరలో బస్తీ దవాఖాన ఉంటే మొదట అక్కడికి వెళ్ళండి, లేదంటే వరంగల్ ఎంజీఎం దవాఖానలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. వీలైతే ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళండి. డాక్టరుకు ఒక్క మనిషిని చూస్తే తెలియనిది అయిదుగురిని చూస్తే తెలుస్తుంది.

ఇక అసలు ముడి. మీ ఇంట్లో అందరూ ఒక విషయం ఖాయం చేసుకున్నారు, రోగం బిడ్డే తెచ్చిందని. మీరు కూడా నమ్మారు కాబట్టే ఆడబిడ్డ ముందు నోరు పెగల్లేదు. కానీ మీ ఉత్తరం మూడో పేజీలో ఒక మాట రాశారు. అత్తమ్మకు శ్రావణం నుంచే దురద ఉందని, షుగర్ వల్ల అని ఆర్‌ఎంపీ ఒక ఆయింట్‌మెంట్ ఇచ్చారని, రాస్తే తగ్గి మానేస్తే వస్తోందని. దానికి ముందు పేజీలో, రాఖీ పండుగకు బిడ్డ వచ్చి రెండు రాత్రులు నానమ్మ పక్కలో పడుకుందని రాశారు. ఈ రెండు మాటలూ వేరే వేరే సందర్భాల్లో రాశారు, అందుకే మీకు కలిపి చూడాలని తట్టలేదు.

గజ్జి పురుగు కంటికి దాదాపు ఆనదు. ఆడపురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. సాలీడు, పశువులకు పట్టే గోమార్లు, ఇవన్నీ దీని చుట్టాలే. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ పోతుంది, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. నెల, రెండు నెలలు బతుకుతుంది. బిడ్డ చేయి పట్టుకుని కిటికీ దగ్గర ఎండకు చూడండి. వేళ్ళ మధ్య ముడతలో, మణికట్టు లోపలి వైపు, పెన్సిల్ కొనతో గీసినట్టు వంకర టింకరగా సన్న గీత కనిపించవచ్చు, సెంటీమీటరు కూడా ఉండదు. అదే దాని దారి. మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటి మీద ఇలాంటి పురుగులు పది పదిహేను మాత్రమే ఉంటాయి. ఒళ్ళంతా దురద పెట్టేది మన శరీరం వాటి మీద, వాటి గుడ్ల మీద, మలం మీద చేసే తిరుగుబాటు వల్ల.

ఆ తిరుగుబాటుకు టైమ్ పడుతుంది. మొదటిసారి గజ్జి పట్టిన మనిషికి దురద మొదలయ్యేది సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత. ఈ నెలా నెలన్నర ఏ బాధా ఉండదు, కానీ ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. ఈ లెక్క వేసి చూడండి. రాఖీకి నానమ్మ పక్కలో పడుకుంటే దసరా నాటికి దురద రావాలి, వచ్చింది. హాస్టల్లో భాద్రపదంలో ఎవరి పక్కనైనా పడుకున్నా దసరా నాటికే రావాలి. బతుకమ్మకు వచ్చిన ఆడబిడ్డకు ఇప్పుడు మొదలవ్వాలి, మొదలైంది. మీకూ, మీ ఆయనకూ ఇప్పుడే.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇక ఎవరూ తేల్చలేరు. బిడ్డ తెచ్చిందని చెప్పడానికి మీ దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే, ఆమె పొక్కులు మీకు ముందు కనిపించాయని.

ఇది చదవగానే అత్తమ్మ ముందుకెళ్ళి "మీ నుంచే వచ్చింది" అనాలనిపించవచ్చు. అంటే ఏమవుతుందో చెబుతాను. ఆమె తన దురదను దాచుకుంటారు. "నాది షుగర్ దురద" అని క్రీము రాసుకోరు. ఆ ఒక్క మనిషి తప్పించుకుంటే ఇల్లంతా వేసుకున్న మందు వృథా. పైగా పెద్దవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో పొరలు పొరలుగా పొట్టు కట్టే రకం గజ్జి ఒకటి వస్తుంది. అందులో పురుగులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. ఆమె మోచేతులు, అరచేతులు, గోళ్ళ కింద మందంగా పొట్టు ఉందేమో చూడండి. ఉంటే డాక్టరుకు ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి. ఆ ఆయింట్‌మెంట్ ట్యూబు కూడా పట్టుకుపోండి. దురదకని అమ్మే ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద అణిగిపోతుంది, పురుగు మాత్రం కింద నిశ్చింతగా పెరుగుతుంది. బిడ్డకు మీరు రాసిన చిన్న ట్యూబు కూడా అలాంటిదే అయి ఉండొచ్చు. అత్తమ్మతో మాట్లాడేటప్పుడు "అందరికీ వచ్చింది, అందరం ఒకే రోజు మందు రాసుకోవాలంట" అంటే చాలు.

ఆమె నమ్మకాన్ని కూడా చిన్నచూపు చూడకండి. గజ్జి రక్తం చెడి వస్తుందని ఒకప్పుడు ఐరోపా వైద్యులు కూడా అనుకున్నారు. 1687లో బోనోమో అనే ఇటలీ వైద్యుడు సూక్ష్మదర్శిని కింద ఈ పురుగును చూసి, దురదకు ఇదే కారణమని రాశాక కూడా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. రక్తం చెడలేదు కాబట్టి బిడ్డకు గుడ్డు పెట్టండి, వంకాయ కూర పెట్టండి. ఎదిగే పిల్ల.

ఇప్పుడు ఆడబిడ్డ సంగతి. మీ ముందు మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, ఏమీ చెప్పకపోవడం. ఈరోజుకు ఇది సుఖంగానే ఉంటుంది. కానీ అక్కడ డాక్టరమ్మకు ఈ ఇంటి సంగతి తెలియదు కాబట్టి దురదను గర్భంతో వచ్చేదిగానే చూస్తారు. నిజంగానే గర్భంతో ఉన్నప్పుడు దురద వస్తుంది, కొన్నిసార్లు కాలేయం వల్ల కూడా వస్తుంది. అందుకే ఆ డాక్టరమ్మకు మీ దగ్గరున్న సమాచారం చాలా అవసరం. ఈలోపు ఆమె భర్తకు అంటుకుని ఉంటుంది, ఆయనకు దురద ఇంకా మొదలై ఉండదు. మూడు నాలుగు నెలల్లో పురిటికి తల్లిగారింటికి, అంటే మీ ఇంటికే వస్తారు. పసిగుడ్డుకు గజ్జి పట్టిందంటే అరచేతులు, అరికాళ్ళు, తల, ముఖం దేన్నీ వదలదు. అప్పుడు ఈ విషయం బయటపడితే "తెలిసి కూడా చెప్పలేదు" అనే మాట పడతారు. అది గజ్జి కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

రెండు, మీ ఆయన చేత చెప్పించడం. అన్న చెప్తే చెల్లెలు తప్పు పట్టదని మీకు అనిపించవచ్చు, నిజమే కావచ్చు. కానీ మగవాళ్ళు ఇలాంటి విషయం "ఏదో దురద ఉందట, చూపించుకో" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఎక్కడెక్కడ వస్తుంది, ఎవరెవరు రాసుకోవాలి అన్నది జారిపోతుంది. తలలో పేల సంగతి అసలే చెప్పరు.

మూడు, మీరే చెప్పడం. ఫోన్ చేసి, పక్కన ఎవరూ లేనప్పుడు, ఇట్లా అనండి: "నువ్వు వచ్చి పోయినంక మా ఇంట్ల అందరికీ గజ్జి ఉన్నట్టు తేలింది. ఎవరి నుంచి మొదలైందో తెల్వదు, నెల దాకా పైకి కనపడదట. నీకూ అదే కావచ్చు. డాక్టరమ్మకు ఈ మాట చెప్పు. నీకూ మీ ఆయనకూ ఒకే రోజు మందు రాయాల్నట. అప్పుడే చెప్పనందుకు నన్ను ఏమనుకోకు, భయపడ్డ." బిడ్డ పేరు ఎత్తాల్సిన పని లేదు. ఆమె అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం, కానీ ఒకే ఇంట్లో ఉంటే వాళ్ళూ రాసుకోవాల్సిందే. అది మాత్రం చెప్పండి. ఆమె కోపపడొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. మేనకోడలిని పది రోజులు పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి అంతకన్నా ఎక్కువ దూరం పోతుందని నాకనిపించడం లేదు.

ఒక జాగ్రత్త చెప్పండి. గజ్జికి వాడే పర్మెత్రిన్ క్రీము గర్భిణులకు డాక్టర్లు వాడనిస్తారు. ఐవర్‌మెక్టిన్ గోలీలు మాత్రం గర్భంతో ఉన్నవాళ్ళకు ఇవ్వరు. ఎవరో చెప్పారని షాపులో గోలీ కొని వేసుకోవద్దని నొక్కి చెప్పండి. మీ చిన్నవాడికి కూడా అంతే, 15 కిలోల లోపు పిల్లలకు ఆ గోలీ ఇవ్వరు.

మందు రాసుకునే రాత్రి గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో తప్పు ఇక్కడే జరుగుతుంది. దురద ఉన్నచోట రాస్తారు. దురద ఉన్నచోటే పురుగు ఉండాలని లేదు. డాక్టరు 5 శాతం పర్మెత్రిన్ రాస్తే, మెడ నుంచి అరికాళ్ళ దాకా ఒక్క అంగుళం వదలకుండా రాయాలి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డు, చంకలు, రొమ్ముల కింద, తొడల మధ్య, పిరుదులు, అరికాళ్ళు అన్నీ. చిన్నవాడికి, అత్తమ్మకు తల, చెవుల వెనక కూడా రాయాలేమో డాక్టరును అడగండి. పెద్ద మనిషికి ఒక్కసారికి దాదాపు 30 గ్రాములు పడుతుంది, అంటే ఒక ట్యూబు మొత్తం. ఒక్క ట్యూబుతో అయిదుగురు సర్దుకుంటే ఎవరికీ పూర్తి మందు అందదు. దవాఖానలో ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పి అన్ని ట్యూబులూ అడిగి తీసుకోండి.

అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. మీ ఆయన "నాకు కొంచమే ఉంది" అన్నా సరే. ఆ రోజు ఆటో త్వరగా కట్టేసి రమ్మనండి. గోళ్ళు కత్తిరించుకుని, ఒళ్ళు పొడిగా ఉన్నప్పుడు రాసుకుని, 8 నుంచి 12 గంటలు ఉంచుకుని పొద్దున స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి. మీరు పొద్దున్నే లేచి అంట్లు తోముతారు కాబట్టి ఇది మీకే చెబుతున్నాను. చిన్నవాడు చేతులు నోట్లో పెట్టుకుంటే పాత సాక్సులు తొడగండి. వారం తర్వాత అందరూ మళ్ళీ ఇదే పని చేయాలి.

ఆ తర్వాత కూడా దురద రెండు వారాలు, ఒక్కోసారి నాలుగు వారాలు ఉంటుంది. పురుగులు చచ్చినా చర్మంలో వాటి అవశేషాలు పోవడానికి టైమ్ పడుతుంది. మందు పనిచేయలేదని మళ్ళీ మళ్ళీ రాస్తే చర్మం మండి ఇంకా గోకుతారు. దురద తగ్గే గోలీ డాక్టరును అడగండి. నెల దాటాక కూడా కొత్త పొక్కులు వస్తుంటే అప్పుడు మళ్ళీ వెళ్ళండి.

చద్దర్లు ఉతకడం ఈరోజుతో ఆపేయండి. నేను మనసారా చెబుతున్నాను, మీ చేతులను కాపాడుకోండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త ఈ సందేహమే తీర్చుకోవాలనుకున్నాడు. తమంతట తాము ముందుకొచ్చిన మనుషులకు గజ్జి ఉన్న సైనికుల లోదుస్తులు తొడిగించి, వాళ్ళు పడుకున్న కంబళ్ళలోనే పడుకోబెట్టాడు. చాలా తక్కువ మందికే అంటుకుంది. గజ్జి ఉన్న మనిషితో ఒకే పక్కలో పడుకున్నవాళ్ళకు మాత్రం అంటుకుంది. మనిషి ఒంటి నుంచి విడివడితే ఈ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. కాబట్టి మందు కడుక్కున్న పొద్దున ఒక్కసారి, అంతకు ముందు మూడు రోజుల్లో వాడిన బట్టలు, చద్దర్లు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. బొంత, పరుపు లాంటి ఉతకలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి వారం పక్కన పెట్టండి. రెండో విడత మందుకు మళ్ళీ ఒక్కసారి. అంతే. ఉట్టి చేయి కలిపితే, పక్కన కూర్చుంటే సాధారణంగా అంటుకోదు. చర్మానికి చర్మం కాసేపు ఆనుకుని ఉండాలి. చలికాలం ఒకే దుప్పటి కింద నలుగురు పడుకునే ఇళ్ళలో ఇది పెరగడం అందుకే.

తల విషయానికి వస్తే, ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. పత్తికి కొట్టే మందు తలకు రాయడం ప్రాణం తీసే పని. ఆ మందుల్లో చాలావి నరాల మీద పనిచేసే విషాలు. అవి నోట్లోకి పోవాల్సిన పని లేదు, తల చర్మం నుంచే ఒంట్లోకి ఇంకుతాయి. గోకి పుండ్లు పడ్డ తలలో ఇంకా త్వరగా. వాంతులు, నోట్లో నురగ, కంటిపాపలు చిన్నవైపోవడం, తర్వాత ఊపిరి ఆడకపోవడం. నాలుగు చుక్కలే కదా అని ఎవరైనా అంటే వాళ్ళను ఆ రోజు బిడ్డ దగ్గరికి రానివ్వకండి. ఇప్పటికే రాసి ఉంటే వెంటనే సబ్బుతో తల కడిగి దవాఖానకు తీసుకుపోండి. గ్యాస్‌నూనె కూడా వద్దు. పొయ్యి ఉన్న ఇంట్లో గ్యాస్‌నూనె రాసిన తలతో ఆడపిల్ల తిరగడం ఎంత ప్రమాదమో మీకు తెలుసు. గమేక్సిన్ అనే పురుగుమందు పొడి చల్లే అలవాటు ఉంటే అదీ వద్దు, పిల్లల్లో ఫిట్స్ తెస్తుంది.

గుండు చేయిస్తే పేలు పోతాయి, నిజమే. కానీ 12 ఏళ్ళ ఆడపిల్ల, నడుము దాకా జుట్టు అని రాశారు. ఇప్పటికే వేరే కంచంలో తింటున్న పిల్లకు గుండు కూడా అంటే ఆ శిక్ష ఆమె మర్చిపోదు. పైగా ఒంటి మీది గజ్జి దానితో పోదు. రెండు వేరే వేరే పురుగులు. జుట్టు ఉంచి కూడా పేలు తీయవచ్చు. డాక్టరును అడిగితే 1 శాతం పర్మెత్రిన్ లోషన్ రాస్తారు, ఒంటికి రాసే క్రీము కాదు ఇది. తలస్నానం చేసి ఆరీ ఆరని జుట్టుకు పట్టించి పది నిమిషాలకు కడిగేయాలి. ఈపులు, అంటే పేల గుడ్లు, మిగిలిపోయి వారం తర్వాత పిల్లలవుతాయి కాబట్టి తొమ్మిదో రోజు మళ్ళీ రాయాలి.

మందు వద్దనుకుంటే ఓపిక కావాలి. సెలవు రోజు మధ్యాహ్నం ఎండలో బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని, తడి జుట్టుకు బాగా కొబ్బరినూనె గానీ కండిషనర్ గానీ పట్టించి, పాయలు పాయలుగా తీసి, పేల దువ్వెనను తల చర్మానికి ఆనించి చివరి దాకా లాగండి. ప్రతిసారీ దువ్వెనను తెల్ల తువ్వాల మీద తుడవండి. నువ్వుగింజంత పేను, కాళ్ళు ఆడిస్తూ, కడుపులో మన రక్తం ఎర్రగా కనిపిస్తుంది. తల చర్మానికి దగ్గరగా అతుక్కున్న ఈపులే బతికి ఉన్నవి. జుట్టు నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, సెంటీమీటరు పైకి పోయినవి పగిలిపోయిన ఉత్త గుల్లలు. వాటిని చూసి టెన్షన్ పడకండి. మూడు రోజులకోసారి, కనీసం రెండు వారాలు ఇలా దువ్వాలి. మీ తల, అత్తమ్మ తల కూడా అదే రోజు చూడండి. పేను ఎగరదు, దుమకదు, తలకు తల ఆనితే పాకుతుంది. శుభ్రంగా లేని తల అని వెతుక్కుని రాదు. రోజూ జడ వేసిన ఆడబిడ్డకు ఫోన్లో ఈ మాట కూడా చెప్పడం మర్చిపోకండి.

హాస్టల్ గురించి మీరు రెండే వాక్యాలు రాశారు, కానీ బిడ్డ భయం అక్కడే ఉన్నట్టుంది. తోటి పిల్లలు ఏమంటారోనని. మొదటి విడత మందు రాసి కడిగిన మర్నాడు ఆమె బడికి పోవచ్చు. పంపించడం మీ చేతిలో ఉంది. కానీ చెప్పకుండా పంపితే, అక్కడ పక్క మంచం పిల్లకు గజ్జి ఉంటే మళ్ళీ అంటుకుంటుంది. రెండోసారి దురద రావడానికి నెల పట్టదు, నాలుగు రోజుల్లోపే రావచ్చు. హాస్టల్లో చెబితే మొదట కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత ఆ గదిలో పిల్లలందరికీ ఒకేసారి మందు ఇచ్చే అవకాశం ఉంటుంది. వార్డెన్‌కు గానీ, అక్కడి నర్సమ్మకు గానీ మీ ఆయన, మీరు ఇద్దరూ కలిసి వెళ్ళి, బిడ్డ పేరు పిల్లల ముందు ఎత్తవద్దని కోరుతూ చెప్పండి. బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే వైద్య బృందాలు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద తిరుగుతున్నాయి. వాళ్ళు చూడాల్సిన వాటిలో గజ్జి ఉంది. ఆ బృందాన్ని పిలిపించమని అడగడానికి మీకు హక్కు ఉంది. వార్డెన్ తేలిగ్గా తీసుకుంటే, ఆ గదిలో పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురితో కలిసి మళ్ళీ వెళ్ళండి. ప్రపంచంలో ఏ రోజు చూసినా 20 కోట్ల మందికి పైగా గజ్జితో ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది కూడా. మీ బిడ్డ ఒక్కతే కాదు, ఆ గదిలో కూడా ఒక్కతే అయి ఉండదు.

ఉత్తరం చివర "నేను ముట్టుకుంటే తమ్మునికి అంటుతదా అమ్మా అని అడిగింది, నేను ఏం చెప్పలేదు" అని రాశారు. ఇప్పుడు చెప్పండి. కంచంతో, గ్లాసుతో గజ్జి రాదు, పేలు రావు. ఈరోజు రాత్రే ఆమె కంచాన్ని మిగతా కంచాల్లో కలిపేయండి. అత్తమ్మ గొణిగితే గొణగనివ్వండి. డాక్టరు మందు రాసిచ్చిన రోజు సాయంత్రం అందరూ ఒకేసారి రాసుకునేటప్పుడు, వీపుకు అందదు కదా, అత్తమ్మ వీపుకు బిడ్డ చేత రాయించండి, బిడ్డ వీపుకు మీరు రాయండి. మర్నాడు స్నానాలయ్యాక వసారాలోని చాప ఉతికి ఎండేయండి. ఆ రాత్రి ఆమె పక్క లోపలే వేయండి.